లావు గోలి

సొంత అన్నయితే మాత్రం, ఆ రాజనర్సు పంపిన భూమి కాగితం మీద వేలిముద్ర వేసేది లేదని గంగన్న తెగేసి చెప్పాడు.

"బావికాడి చెల్క వానిదట! ఏడేండ్ల సంది నా నోట్ల మన్ను కొడుతుండు. సచ్చినా ఇయ్య."

"సచ్చినంక నీకెందుకన్నా?" అన్నాడు నర్సింలు. ఇద్దరిదీ ఒకే ఊరు; సెలవు మీద అక్కడికే పోతున్నాడతను. అరబ్బు దేశంలో వాళ్ళు పనిచేసే అల్ షహానియా ఒంటెల దొడ్డి ముందు పికప్ హారన్ మీద హారన్ కొడుతోంది. "ముద్ర తెమ్మని మీ అన్న ఒట్టు పెట్టిండు. ఏస్తవా, పోవాల్నా?"

"పో!"

ఆ అరుపుకు గంగన్న తల గిర్రున తిరిగింది. అసలే ప్రెషర్ మనిషి. కంపెనీ డాక్టర్ ఇచ్చిన కొత్త గోలీలేమో పాతవాటికంటే లావున్నాయి. అనుమానం పుట్టి పక్క రేకుల షెడ్డులోకి దూరాడు. గోలీల సంగతంటే హైదరాబాద్ బుర్హానుద్దీన్‌కే తెలియాలని క్యాంపులో పేరు. గంగన్న వచ్చి పది రోజులే, అతనితో ఇంతవరకు మాట్లాడింది లేదు. బుర్హానుద్దీన్ కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చి, చిన్న త్రాసులో మందు తూస్తున్నాడు.

"భాయ్, కొత్త గోలీలు జర లావున్నయి. ఏమన్నయితదా?"

"కండ్లకు ఆనుతదా లావు?" బుర్హానుద్దీన్ తల ఎత్తలేదు.

"మంచిగ ఆనుతది."

"యా అల్లా! వెంట్రుకంత లావున్నా ప్రెషర్ పెరుగుతది మియా. ఎన్నేసినవ్?"

"మూడు."

"మూడేసి ఇంక బతికే ఉన్నవా!"

గంగన్న గోడ పట్టుకున్నాడు.

"మందు గంతే, గోలి లావు, గొట్టం ఇరుకు. ప్రెషర్ ఏడికి పోవాలె? ఎనుకకు తంతది. గది ఫట్టుమని పగులుతది. గొట్టం గరగర అంటుందా?"

గంగన్న గుటక మింగి చూసుకున్నాడు. "అంటుంది భాయ్."

"గీతలు పడ్డట్టే. ఇంకొక్కటి ఏస్తే ఖతం."

గుండెకు గదులుంటాయని గంగన్న ఎక్కడో విన్నాడు. ఇంకేం ఆలోచించలేదు. ఛాతీ పట్టుకుని ఉరికి, కదులుతున్న పికప్‌కు అడ్డంపడ్డాడు.

"తే కాగితం! పోయేటోనికి పగెందుకు? తమ్ముడు మన్నించిండని చెప్పు మా అన్నకు."

నర్సింలు నోరు తెరిచేలోగా ముద్ర పడింది. పికప్ దుమ్ము లేపుకుంటూ పోయింది. వేలికంటిన సిరా ఆరకముందే గంగన్న షెడ్డులోకి తిరిగొచ్చి దాణా సంచి మీద కూలబడ్డాడు.

"నాకింక ఎంతసేపు భాయ్?"

"రెండు నిమిషాలు," అన్నాడు బుర్హానుద్దీన్.

గంగన్న కళ్ళు మూసుకుని దేవుళ్ళందరినీ తలుచుకున్నాడు. బుర్హానుద్దీన్ చేతులు తుడుచుకుని, అప్పుడు తల ఎత్తాడు.

"యల్లా, ఏదీ? తుపాకి ఇటియ్యి, చూస్తా."

"తుపాకేంది?"

"లావు గోలీలు ఏసిన తుపాకి! షేక్ వేట తుపాకులు నేనే గద బాగుజేసేది."

గంగన్న జేబులోని మాత్రల సీసా తీసి చూపించాడు. దూరంగా తారురోడ్డు మీద పికప్ చుక్కంతయి మాయమైంది. దాంతోపాటే బావికాడి చెల్క, ఎకరం పదమూడు గుంటలు.