పళ్ళెంలో పరాయి మనిషి

వంశవృక్షం మళ్ళీ తప్పుగా వచ్చింది.

చేప మొప్పల్లో బతికే ఒక పరాన్నజీవి వంశవృక్షం అది. ఆ జీవి దుమ్ముకణమంత ఉంటుంది. దాని పూర్వీకులు జెల్లీఫిష్‌లని ఆ ప్రయోగశాల పదేళ్ళుగా నమ్ముతోంది. జన్యువులన్నీ చదివి ఆ సంగతి రుజువు చేయాలి. కానీ కంప్యూటర్ తెర మీద ఆ జీవి జెల్లీఫిష్‌ల కొమ్మ వదిలేసి, వచ్చి మనుషుల పక్కన కూర్చుంది.

"మనకి చుట్టమైపోయింది సార్," అంది పరిశోధక విద్యార్థిని. "వరసకి ఏమవుతుందంటారు? మేనత్తా, పిన్నా?"

లెక్కలాయన నవ్వలేదు. ఇక్కడ నవ్వాలని గుర్తుంది. ముఖం కదల్లేదు.

"మనిషి డీఎన్ఏ కలిసింది," అన్నాడు.

ప్రయోగశాలలో అందరూ అతన్ని లెక్కలాయన అనే అంటారు. జన్యువుల లెక్క తేల్చేది అతనే. ఆరు నెలలుగా లోపలి గదిలో మైక్రోస్కోప్ కింద ఆ జీవుల్ని ఒక్కొక్కటిగా ఏరి పళ్ళెంలో పెట్టేదీ అతనే. ఒక్కో జీవిలో డీఎన్ఏ ఎంత తక్కువంటే, ఎవరి చర్మం పొట్టు ఒక్కటి రాలినా చాలు, ఫలితమంతా తారుమారవుతుంది. అందుకే ఆ గదిలోకి వెళ్ళేవాళ్ళందరూ చేరిన రోజునే బుగ్గ లోపలి తడి ఇస్తారు. వాళ్ళ డీఎన్ఏ జాబితాలో ఉంటుంది. పళ్ళెంలో అది కనిపిస్తే కంప్యూటర్ గుర్తుపట్టి తీసేస్తుంది. వెళ్ళిపోయినవాళ్ళని జాబితాలోంచి కొట్టేయాలి. అదీ అతని పనే.

ఇప్పుడు కలిసింది జాబితాలో ఎవరితోనూ సరిపోవడం లేదు. ఆడమనిషి అని మాత్రం తేలింది.

మధ్యాహ్నం డైరెక్టర్ పిలిచాడు.

"ఆరు నెలలుగా ప్రతి పళ్ళెంలోనూ ఉందంటున్నావు. మన ఆయమ్మ చేరిందెప్పుడు?"

"ఆరు నెలలైంది."

"ఇంకేం కావాలయ్యా? వరండా ఊడ్చి వెళ్ళమ్మా, ఆ గది జోలికి పోకని చిలక్కి చెప్పినట్టు చెప్పాను. వింటేనా!"

"ఆవిడ తడి తీసి చూడొచ్చు."

"ఫలితం వచ్చేసరికి రెండు వారాలు. పైవాళ్ళకి రేపు పొద్దున్నే జవాబివ్వాలి. కారణం రాసి పంపితేనే ఆ అమ్మాయి థీసిస్ నిలబడుతుంది. బయటి మనిషి చొరబడిందని రాసి సంతకం పెట్టు. రేపట్నుంచి ఆయమ్మ రానక్కర్లేదు."

"సరే," అన్నాడు. తన గొంతు తనకే పక్క గదిలోంచి వినిపించినట్టుంది.

వరండాలో ఆయమ్మ తడిగుడ్డ పిండుతోంది. కబురు అప్పటికే చేరిపోయింది.

"నన్ను తీసేస్తారంట కదా బాబూ?"

అతను ఆగాడు.

"నేనా గదిలో కాలు పెడితే ఒట్టు. లోపల ఏం దాచారని పోయి చూస్తాను, ఆ చచ్చిన చేపలేగా! గుమ్మం దాకా తుడిచి వెనక్కి వచ్చేస్తా. మా ఆయన మంచం పట్టి ఏడాదైంది. ఇంట్లో నా ఒక్కదాని రెక్కలే. మీరు చెబితే వింటారు బాబూ."

"ఊఁ."

"ఊఁ అంటే చెబుతారనా, చెప్పరనా?"

ఆయమ్మ ఒక్క క్షణం అతన్ని ఎగాదిగా చూసింది.

"సర్లెండి. ముందు మీరేదైనా తినండి. గాలేస్తే పడిపోయేటట్టున్నారు."

అతను వచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. రిపోర్టు కాగితం తెర మీద తెల్లగా ఉంది. పక్క కుర్చీలో విద్యార్థిని ఆ జీవి జన్యువుల పట్టిక చదువుకుంటూ వెళుతోంది.

"నోటికి సంబంధించినవి లేవు. కడుపు లేదు. నరాలు లేవు. ఒకప్పుడు అన్నీ ఉండేవే కదా సార్! ఇన్ని పోగొట్టుకుని ఎలా బతుకుతోందో?"

"ఇంకొకళ్ళ ఒంటిని పట్టుకుని," అన్నాడు.

ఆమె టీ తాగడానికి లేచి వెళ్ళింది. అతను పాత ఫైలు ఒకటి తెరిచాడు. జాబితాలోంచి కొట్టేసిన పదకొండు మంది డీఎన్ఏ అందులో ఇంకా ఉంది. కొత్తగా సరిచూడాల్సిందేమీ లేదు. మొదటి పళ్ళెం చెడిన రోజే చూశాడు. పళ్ళెంలోది పదకొండో పేరుతో ఒక్క అక్షరం తేడా లేకుండా సరిపోయింది.

ఆ మనిషెవరో అతనికి తెలుసు. ఆరు నెలలుగా తెలుసు.

బయటపెడితే ఇక ఆమెను లోపలికి రానివ్వరు. రేపట్నుంచి ఆ గదిలోకి అతను ఒక్కడే వెళ్ళాలి. చెప్పకపోతే ఆయమ్మ వెళ్ళిపోతుంది. రెండూ ఎదురెదురుగా పెట్టుకుని చూశాడు. ఏదో ఒకటి బాధ పెడుతుందేమోనని కాసేపు ఎదురుచూశాడు. బాధ ఎక్కడో పక్కింట్లో మోగే ఫోన్‌లా ఉంది. ఎత్తాల్సింది తను కాదనిపించింది.

వరండాలో ఆయమ్మ బకెట్ జరుపుతున్న చప్పుడు. ఇవాళ ఇంకా నెమ్మదిగా, ఇంకా శుభ్రంగా తుడుస్తోంది.

అతను లేచి డైరెక్టర్ గదిలోకి వెళ్ళాడు.

"రాశావా?"

"లేదు. ఆయమ్మ కాదు సార్. ఆ మనిషిని రోజూ లోపలికి తీసుకెళుతున్నది నేనే."

డైరెక్టర్ పెన్ను కింద పెట్టాడు. "నువ్వా? ఏం మాట్లాడుతున్నావయ్యా! ఎవర్ని?"

అతను ఒంటి మీదున్న, ఆరు నెలలుగా ఉతకని తెల్లకోటు విప్పి, చనిపోయిన తన భార్య పేరు కాలరు లోపల కుట్టి ఉన్న వైపు పైకి వచ్చేలా డైరెక్టర్ బల్ల మీద పరిచాడు.