నలుపు కాలేదు

"మూట ఏది?"

ఆపరేషన్ బల్ల పక్కన గ్లవుజులు తొడుక్కుని నిలబడ్డ డాక్టరమ్మ రెండోసారి అడిగింది.

హెడ్ సిస్టర్ విసవిసా పరికరాల గదికి వెళ్ళింది.

అక్కడ ఆమెన్ ఆంటీ స్టూలు మీద కూర్చుని, విప్పిన కత్తెరల్నీ పట్టకార్లనీ మళ్ళీ గుడ్డలో చుడుతోంది.

"మళ్ళీ ఏమొచ్చింది?"

"టేపు నల్లబడలేదమ్మా. ఇంకోసారి ఆవిరికి పెడతా."

ప్రతి మూటకీ ఒక టేపు అంటిస్తారు. ఆవిరి యంత్రంలో క్రిములు చచ్చేంత వేడి తగిలితే టేపు మీది గీతలు నల్లబడతాయి. యంత్రం ముసలిది. రోజు విడిచి రోజు ఆ గీతల్ని బ్రౌన్ దగ్గరే వదిలేస్తుంది. బ్రౌన్‌ని నలుపని రిజిస్టర్లో రాయడం ఆ గదిలో అందరికీ వచ్చిన విద్యే. రెండు నెలలైనా ఆంటీకి మాత్రం అబ్బలేదు.

ఆవిడ కాంట్రాక్టరు పంపిన మనిషి. అరవైకి దగ్గర. పని మొదలెట్టే ముందు కళ్ళు మూసుకుని పెదాలు కదిపేది. చివర్లో 'ఆమెన్' ఒక్కటే బయటికి వినిపించేది. నవ్వుకోవడానికి వార్డుకి అంతకంటే ఏం కావాలి?

"ఆంటీ, నేనూ చర్చికెళ్ళేదాన్నే. నాకు లేని చాదస్తం నీకెందుకు?" అంది హెడ్ సిస్టర్.

ఆంటీ మూటకి ముడి వేసింది.

"కాలం మారింది. ఇప్పుడెవరూ ఇంత పట్టి చూడరు. చీము పట్టకుండా మందులిస్తున్నాంగా. మన ఇబ్బందులు దేవుడికి మాత్రం తెలీవా?"

"దేవుడికి తెలుసమ్మా. కడుపు కోయించుకునే పిల్లకే తెలీదు."

హెడ్ సిస్టర్‌కి ఒళ్ళు మండింది.

"అంటే మేమంతా పాపులం. నువ్వొక్కదానివే ఆకాశం నుంచి ఊడిపడ్డావా?"

ఆంటీ తల దించుకుంది.

"కాదమ్మా," అంది చిన్నగా.

రిజిస్టరు తెరిచి, గుండ్రటి అక్షరాలతో 'నలుపు కాలేదు, వాడలేదు' అని రాసింది.

ఆ రోజు ఆపరేషన్ గంట ఆలస్యమైంది. డాక్టరమ్మ అరిచింది. హెడ్ సిస్టర్ కాంట్రాక్టరుకి ఫోన్ చేసింది.

"చేతకాని మనిషిని పంపారు. మార్చండి."

ఆంటీ ఏప్రాన్ మడతపెట్టి ఇచ్చింది. గొడవ పడలేదు. ఆ యంత్రం బాగు చేయించమని మాత్రం ఇంకోసారి చెప్పి వెళ్ళిపోయింది.

కొత్తమ్మాయి చురుకైనది. ఒక్క పూటలో నలుపు రాయడం నేర్చేసుకుంది. ఆపరేషన్లు టైముకి జరిగిపోయాయి. అందరికీ ప్రాణం హాయిగా ఉంది.

నెల తిరక్కుండా తొలి కాన్పుకొచ్చిన ఒక అమ్మాయికి ఆపరేషన్ చేశారు. ఆడపిల్ల. మూడో రోజు జ్వరం. నాలుగో రోజు కుట్లలో చీము. ఆరో రోజు అమ్మాయి పోయింది.

"నా కూతురు నడుచుకుంటూ వచ్చిందమ్మా ఇక్కడికి," అంది ఆ అమ్మాయి తల్లి, పసిగుడ్డుని ఒళ్ళో పెట్టుకుని. వరండాలో కనబడ్డ ప్రతి ఒక్కరితోనూ అదే మాట.

హెడ్ సిస్టర్ ఆవిడ ముందు నుంచి నడవలేక వెనక మెట్ల మీదుగా దిగింది. ఆపరేషన్ రోజు టేపు తను చూసింది. బ్రౌన్. కొత్తమ్మాయి తన మొహంలోకి చూస్తే, "రాసెయ్," అంది.

సూపరింటెండెంటు పిలిపించాడు.

"విచారణకి ఆఫీసరొస్తున్నాడు. రిజిస్టర్లో నలుపనే ఉందిగా? అదే చెప్పండి. యంత్రం ఊసెత్తొద్దు. ఉద్యోగం పోతే మీ పిల్లల సంగతేంటో ఆలోచించుకోండి."

బయటికి రాగానే ఆమెన్ ఆంటీ గుర్తొచ్చింది. యంత్రం సంగతి ఆవిడ ఎక్కడైనా నోరు జారితే?

ఫోన్ చేసింది. ఎవరో ఆడమనిషి ఎత్తింది.

"అక్క లేదండీ. గుండెనొప్పి. సమాధి చేసి నాలుగు రోజులైంది."

హెడ్ సిస్టర్‌కి హమ్మయ్య అనిపించింది. అలా అనిపించినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

ఆఫీసరు రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మనిషి. పరికరాల గదిలోనే కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు.

"ఆ రోజు టేపు మీరు చూశారా?"

"చూశాను సార్."

"ఏ రంగు?"

పిల్లలు కళ్ళముందు మెదిలారు.

"నలుపు."

ఆయన రాసుకుని ఫైలు మూశాడు. పోతూ పోతూ రిజిస్టరు పాత పేజీలు ఊరికే తిరగేశాడు. గుండ్రటి అక్షరాలున్న ఒక పేజీ దగ్గర చెయ్యి ఆగింది.

"ఇది రాసిందెవరు?"

"అదా సార్... కాంట్రాక్టు హెల్పరు. పని చేతకాక తీసేశాం. ఈమధ్యే పోయింది."

"పోయిందా," అన్నాడాయన. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ఈ చేతిరాత నాకు తెలుసు సిస్టర్," అన్నాడు.

"పద్నాలుగేళ్ళ కింద ఇంకో ఆసుపత్రిలో ఓ బాలింత చచ్చిపోతే, ఇలాగే 'నలుపు' అని రాసుకుని నేను ఫైలు మూసేశాను. మర్నాడు పొద్దున్నే మా ఆఫీసుకొచ్చి, 'అది నలుపు కాదు సార్, అలా రాయించింది నేనే' అని ఈ అక్షరాలతోనే రాసిచ్చి జైలుకెళ్ళింది, అక్కడి హెడ్ సిస్టర్."