ఏటేటా వెళ్లే చోటు

"సంచీ సర్దేశా. ఇంక బయల్దేరదామా?" గుమ్మంలో ఆ సంచీ మీదే ఎక్కి కూర్చుంది దానికా.

"ఎక్కడికే?" బాణలిలో నూడుల్స్ కలుపుతూనే అడిగింది తల్లి రోవెనా.

"ఎక్కడికేంటమ్మా! వానలు మొదలయ్యాయిగా. ఏటా నా పుట్టినరోజు అక్కడేగా!"

"ఈ ఏడు లేదు. కరోనా. బడి లేదు, జీప్నీ బండ్లు లేవు, గుమ్మం దాటేది లేదు."

"గ్లెండా టీటా నాకోసం ఎదురుచూస్తుంటుంది!"

"చూడదు మీ ఆంటీ."

"చూస్తుంది. జెల్లీ పెడుతుంది. అర్ధరాత్రి పిలిచినా పలుకుతుంది. నువ్వైతే కసురుతావు."

"ఆవిడకి జీతమిస్తారు. నాకెవరిస్తారే?"

రోవెనా నవ్వింది గానీ, లోపల ఒకటే మొక్కు. ఈ వానాకాలం గడిచేదాకా ఆ సంచీ గుమ్మం దాటకూడదు. ఏటా ఆ ప్రయాణం నుంచి తిరిగొచ్చేసరికి ఆమె సగమయ్యేది.

దానికా అలిగి పెరట్లోకి పోయి తాడాట మొదలుపెట్టింది. రోవెనా గరిటె ఆపి చెవి ఒగ్గింది. నలభై... డెబ్బై... నూరు. పిల్ల ఆగలేదు, దగ్గలేదు. రోవెనా మళ్లీ గరిటె తిప్పింది.

"రావే, నీ పుట్టినరోజు పాన్సిత్ తయారైంది. నూడుల్స్ ఎంత పొడుగుంటే నీకంత ఆయుష్షు. పోయినేడు తీసుకొస్తే మీ గ్లెండా గుమ్మంలోనే లాగేసుకుంది."

"అక్కడ అవి తింటే జనం కూడా అంత బారున వస్తారంది!" దానికా కిసుక్కున నవ్వింది. "జనం వస్తే మంచిదేగా?"

"ఆవిడనే అడుగు."

రోవెనా వీడియో కాల్ కలిపింది. ఫోనులో గ్లెండా మాస్కు పైన కళ్లు మెరిశాయి. "ఎనిమిదేళ్లొచ్చాయే నీకు!"

"టీటా, నా మంచం ఎవరికైనా ఇచ్చేశావా?"

"కిటికీ పక్కదా? లేదు. ఆరింటికి ఆరూ ఖాళీ! మూడు వారాలుగా పురుగు కూడా రాలేదు, తెలుసా!" గ్లెండా గొంతులో పండగ.

"అయితే నేనొస్తా!"

"వచ్చావంటే కాళ్లు విరగ్గొడతా! ఏయ్ రోవెనా, ఆ పళ్లెం ఇటు చూపించకు! పక్కకి తియ్!"

రోవెనా పళ్లెం వీపు వెనక దాచి, కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వింది.

"నిజంగా ఖాళీయేనా? చూపించు," దానికా మూతి ముడిచింది.

గ్లెండా ఫోను తిప్పి చూపించింది. మడత నలగని ఆరు దుప్పట్లు, వాటి వెనక లోపలికి బార్లా తెరిచిన తలుపు.

తలుపు మీద 'పిల్లల ఐసీయూ' అని రాసి ఉంది.