వడగళ్ల పాఠం

వేడినీళ్ల గాజుసీసా మీద మంచుముక్కల పళ్లెం పెట్టి, దాని అడుగున చినుకులు పట్టడం చూపిస్తున్నది పంతులమ్మ. పిల్లలంతా చుట్టూ మూగారు. ఒక్క పిల్ల మాత్రం బల్లకిందికి దూరింది.

"బయటికి రావే బంగారూ, ఇవి ఉత్త చినుకులే!"

"వడగళ్లు కూడా ఇలాగే వస్తాయా టీచర్?"

"ఆఁ. గాలి చినుకుల్ని బాగా పైకి ఎగరేస్తే, అక్కడి చలికి గడ్డకట్టి పడతాయి."

"కాదు, నా వల్లే పడతాయి. నేను పుట్టిన రోజే వడగళ్లు పడి నాన్న పూలతోట పోయిందిట. అందుకే మబ్బు పడితే చాలు, నాయనమ్మ నన్ను సామాన్ల గదిలో పెట్టి గడియ వేస్తుంది."

ఈ భయానికి విరుగుడు తన చేతిలోనే ఉన్నదన్న ధీమాతో పంతులమ్మ బల్లకిందికి వంగింది.

"నీకూ మబ్బుకూ ఏ సంబంధమూ లేదు తల్లీ."

"నేను బుద్ధిగా ఉన్నా వస్తుందా?"

"వస్తుంది."

మొహం విప్పారుతుందనుకుంటే, పిల్ల పెదవి వణికింది.

"బుద్ధిగా ఉంటే మబ్బే రాదనుకున్నా టీచర్. అయితే ఎప్పటికీ గదిలోకి వెళ్లాల్సిందేనా?"

ఆ పిల్లకున్న ఒకే ఒక్క ఆశను తన నోటితోనే తుడిచేశానని పంతులమ్మకు అర్థమైంది. కిటికీ అవతల ఆకాశం నల్లబడుతున్నది. అంతలో గుమ్మంలో నాయనమ్మ ప్రత్యక్షమైంది.

"మబ్బు కమ్ముకొస్తోంది, పదవే పిడుగా!"

పంతులమ్మ పిల్ల చెయ్యి పట్టుకుని, రెండో చేత్తో ఒక బుల్లి కుర్చీ ముందుకు లాగింది.

"కూర్చోండి పెద్దమ్మగారూ. ఇవాళ్టి పాఠం మీకే."

"అందులో కూర్చుంటే మళ్లీ లేవలేనమ్మా!"

"ఫరవాలేదు. పాఠం అయ్యాక నేను లేపుతాను."