పక్క పీట మీద వసుంధర

ఈ రోజుల్లో పెళ్ళి ఫొటోగ్రాఫర్‌ని ఎంచుకునేవాళ్ళు ముందుగా అడిగేది, పోయినవాళ్ళు ఫొటోల్లో సహజంగా వస్తారా అని. మా అమ్మాయి శ్రీలలిత కూడా అదే అడిగింది. నా భార్య వసుంధర పోయి ఏడాది కాలేదు. ఏడాది తిరిగేలోపు ఇంట్లో కన్యాదానం జరగాలని పెద్దలు తొందరపెట్టారు.

"కన్యాదానంలో నాన్నగారి పక్క పీట ఖాళీగా ఉంచండమ్మా, అమ్మగారిని మేం కూర్చోబెడతాం," అన్నాడు స్టూడియో యజమాని. మా పాత ఫొటోలతో చేసిన నమూనా తెర మీద చూపించాడు. వసుంధర నవ్వుతోంది. పక్కన నేనూ నవ్వుతున్నాను.

"నేనలా నవ్వలేను బాబూ."

"మీరెలా ఉన్నా పర్వాలేదండీ. కావాలంటే ఏడవండి. ఆల్బంలో మాత్రం ఇలాగే ఉంటారు."

"అమ్మలూ, నన్నైనా ఉన్నట్టు ఉండనివ్వు," అన్నాను.

"ఎప్పుడూ ఆ మొహమేనా నాన్నా? రేపు నా పిల్లలు చూడొద్దూ!"

అంతలో మా మరదలు వీడియో కాల్ చేసింది. అమ్మాయి ఫోన్‌ని గబగబా తెర మీది నా మొహం వైపు తిప్పింది.

"పిన్నీ, నాన్న ఎంత బాగున్నాడో చూడు!"

"అమ్మయ్య, బావగారు కోలుకున్నారే!" అందావిడ సంతోషంగా.

నేను అమ్మాయి పక్కనే ఉన్నాను. ఫోన్ నా వైపు తిరుగుతుందని చూస్తూ కూర్చున్నాను. తిరగలేదు.