మూడు నిమిషాల పాటలు

కాంటర్‌బరీలో డెస్మండ్ ఇంటికి పదకొండేళ్ల తర్వాత రూపర్ట్ వచ్చాడు, చంకలో రికార్డుతో. వాళ్ల పాత రాక్ బ్యాండు హిట్ పాటలన్నీ కలిపి కంపెనీ కొత్తగా వేస్తోంది. దానికి డెస్మండ్ ఒప్పుకోవాలి. అప్పట్లో గాయకుడు అతనే. అతన్ని గెంటేసింది రూపర్టే. తను ఆర్గాన్ వాయిస్తుంటే మధ్యలో గొంతు అడ్డొస్తోందన్నాడు.

"మనకి హిట్లు కూడా ఉన్నాయట్రా? నాకెవరూ చెప్పలేదే," అన్నాడు డెస్మండ్.

"ఒకసారి విను."

"ఒక్కో పాటా ఇరవై రెండు నిమిషాలు. వినేలోపు నాకు పెన్షన్ వచ్చేస్తుంది."

"ఇప్పుడు మూడే నిమిషాలు. రేడియోలో వేసుకునేలా కోశారు."

"అయ్యో పాపం. నీ మహాకావ్యాన్ని కోసిన కసాయి ఎవడు? కోర్టుకెళ్లలేదూ?"

రూపర్ట్ రికార్డు పెట్టాడు. డెస్మండ్ వెటకారంగా తలాడిస్తూ విన్నాడు. రెండో పాట సగానికొచ్చేసరికి తల ఆడించడం మానేశాడు. పాటలో మొదటి నుంచి చివరిదాకా తన గొంతే ఉంది. ఆర్గాన్ ఎక్కడో వెనకాల, గొంతుకి తోడుగా కాస్త పలికి ఊరుకుంటోంది.

"నీ వాయింపంతా తీసిపారేశారేంట్రా? కంపెనీకి నీ మీద ఏం పగ?"

"కోసింది కంపెనీ కాదు, నేను," అన్నాడు రూపర్ట్ నేలకేసి చూస్తూ. "ఏది తీసినా పాట నిలబడింది. నీ గొంతు తీస్తేనే నిలబడలేదు."

డెస్మండ్ లేచి వెళ్లి రికార్డు రెండో వైపుకి తిప్పి పెట్టాడు.