తిట్టిన మాట

‘ప్రేమమూర్తి. ఆదర్శ గృహిణి. ఆమె లేని లోటు తీరనిది’ అని రాసి ఇన్‌చార్జి బల్ల మీద పెట్టాడు కన్నీళ్ళ మేస్త్రీ.

పత్రికలో నివాళుల పేజీ అతనిది. పోయినవాళ్ళ గురించి రాయడం చేతకాని ఇంటివాళ్ళ తరఫున, వాళ్ళ గొంతుతో తనే రాసిపెడతాడు. కింద వాళ్ళ పేరే ఉంటుంది. చదివి ఊళ్ళో సగం మంది ముక్కు చీదుతారు. ఆఫీసువాళ్ళు ఆ బిరుదు ఊరికే ఇవ్వలేదు.

కొత్తగా వచ్చిన ఇన్‌చార్జి కాగితం చూసి పెదవి విరిచింది.

"ఇదేంటండీ? పేరు మారిస్తే మా అత్తగారికీ వేసెయ్యొచ్చు. ఆవిడ ఇంకా లక్షణంగా ఉన్నారు. సెలవు పెట్టి వచ్చారుగా, చెయ్యి తుప్పు పట్టిందా?"

"పట్టిందేమో మేడమ్."

"వాళ్ళాయన్ని అడిగారా, మీ ప్రశ్న?"

మేస్త్రీ ప్రశ్న ఒక్కటే. పోయినవాళ్ళ గొప్పలు అడగడు. ‘మిమ్మల్ని దేనికి తిట్టేవారు?’ అంటాడు. పొగడ్తలు అందరివీ ఒకటే, తిట్లు మాత్రం ఎవరివి వారివే. అవతలివాళ్ళు ముందు నవ్వుతారు, ఆ వెంటనే ఏడుస్తారు. అక్కణ్ణుంచి రాత దానంతటదే నడుస్తుంది.

"అడగలేదు."

"అడగండి మరి. ఆవిడ పేపర్లో ఉండేది రేపు ఒక్కరోజే. ఎవరో ఒకావిడలా వెళ్ళిపోతే అన్యాయం కదండీ."

అతను సీటుకొచ్చి సెల్లు తీసి, కంఠతా వచ్చిన నంబరు నొక్కాడు. ఎంగేజ్. మళ్ళీ నొక్కాడు. ఎంగేజే. బల్ల మీద టీ మీగడ కట్టింది. లోపల ఏదీ కదల్లేదు. ఏడుపు లేదు, ఆకలీ లేదు. చాలాసేపటికి పెన్ను తీశాడు.

‘తడి తువ్వాలు మంచం మీద పడేస్తావు. ఊళ్ళో అందరి మాటా వింటావు, నేను మాట్లాడితే మాత్రం ఊ కొడుతూ నిద్రపోతావు. రేపు నేను పోయినా ఊ అనే అంటావు.

ఊ.’

ఇన్‌చార్జి చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"ఇదీ! ఇప్పుడు మాట్లాడింది మనిషి. మొత్తానికి దొరికారన్నమాట ఆయన. కింద ‘భర్త’ అని రాసి పేరు వెయ్యడం మరిచిపోయారు, చూడండి."

మేస్త్రీ కాగితం వెనక్కి తీసుకుని, ‘భర్త’ అన్న మాట పక్కన, ఇన్నేళ్ళలో ఆ పేజీకి ఎన్నడూ ఎక్కని తన పేరు రాశాడు.